గుట్ట పోయింది, నత్తకు కంపెనీ పేరు మిగిలింది

కంప్యూటర్ తెర మీద మలేషియా ఉపగ్రహ చిత్రం. తూర్పు తీరాన కువాంతాన్ పట్టణం. అక్కణ్నుంచి లోపలికి జరుపుకుంటూ పోతే పాన్చింగ్ అనే ఊరు. ఆ ఊరి దగ్గర రెండు సున్నపురాయి గుట్టలు ఉండాలి. ఒకటి చరాస్ గుట్ట. దాని గుహలో శయన బుద్ధుడున్నాడు, మెట్లెక్కి దర్శనానికొచ్చే జనమున్నారు. ఆ గుట్ట ఉన్నచోటే ఉంది. రెండోది బుకిత్ పాన్చింగ్. ఇప్పుడు వెతుకుతున్నది దాన్నే.

గుట్ట ఉండాల్సిన చోట గొయ్యి కనిపించింది.

నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మెన్నో స్కిల్ట్‌హౌజన్, ఆయన సహచరుడు రూబెన్ క్లెమెంట్స్ 2008లో దీని గురించి చిన్న వ్యాసం రాశారు. నత్తల సంరక్షణ కోసం పనిచేసే శాస్త్రవేత్తల బృందం వెలువరించే ‘టెంటకిల్’ అనే వార్తాపత్రికలో అది వచ్చింది. ఒక జాతి అంతరించడాన్ని అంతరిక్షం నుంచి చూసి పట్టుకున్నామన్నది దాని సారాంశం. పులి ఒక అడవిలో మిగిలి ఉందో లేదో తేల్చాలంటే అడవంతా కెమెరాలు కట్టాలి, ఏళ్ల తరబడి కాచుకోవాలి. ఈ ప్రాణి విషయంలో ఆ శ్రమే అక్కర్లేకపోయింది. దానికి తెలిసిన ఇల్లు ఆ గుట్ట ఒక్కటే. గుట్టను క్వారీ తినేసింది కాబట్టి అదీ లేదు.

ఆ ప్రాణి ప్లెక్టోస్టోమా స్కియాఫిలమ్ అనే నత్త. కొద్ది మిల్లీమీటర్లు ఉంటుంది. 1952లో డచ్ శాస్త్రవేత్త తేరా వాన్ బెంథెమ్ యుట్టింగ్ సింగపూర్ రాఫిల్స్ మ్యూజియం బులెటిన్‌లో దీన్ని లోకానికి పరిచయం చేశారు. ఈ ప్రజాతి నత్తల్లో గుల్ల తీరే వేరు. మామూలు నత్తగుల్ల ఒక ఇరుసు చుట్టూ బుద్ధిగా చుట్టుకుంటూ వస్తుంది. వీటిలో ఆఖరి చుట్టు దారి తప్పి, గొట్టంలా విడిపోయి, వెనక్కి తిరిగి నోరు తెరుస్తుంది. గుల్ల మీద పల్చటి రెక్కల్లాంటి అంచులు వరసగా లేస్తాయి. భూతద్దంలో చూస్తే కంసాలి పనితనం గుర్తొస్తుంది. కంటితో చూస్తే మాత్రం చెప్పుకి అంటిన మట్టి.

2014 నవంబరులో సిడ్నీలో పార్కుల మీద ప్రపంచ మహాసభ జరుగుతుండగా, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య తన ఎర్ర జాబితాను కొత్తగా విడుదల చేసింది. అంతకుముందు అంచనాలో ఈ నత్త ‘ముప్పులో ఉన్నది’ అన్న గడిలో ఉండేది. ఇప్పుడు నేరుగా ‘అంతరించింది’లోకి మారింది. కారణం ఒక్క వాక్యంలో రాశారు: గుట్టను తవ్వేశారు.

సరిగ్గా అదే ఏడాది, మలేషియా ద్వీపకల్పానికి అటువైపు, పడమటి వైపున్న పెరాక్ రాష్ట్రంలో ఇంకో గుట్ట, ఇంకో నత్త, ఇంకో క్వారీ వార్తల్లోకెక్కాయి. ఈసారి శాస్త్రవేత్తలు వేసిన ఎత్తు వేరు.

* * *

పెరాక్ మన వాళ్లకు మరీ కొత్త రాష్ట్రమేం కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో కొబ్బరి, రబ్బరు తోటల్లో పనికి ఉత్తరాంధ్ర నుంచి ఓడలెక్కిన కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఆ రాష్ట్రంలోని బగాన్ దాతు వైపు తెలుగు మాట్లాడుకుంటూ బతుకుతున్నారు. వాళ్లున్నది సముద్రపు ఒడ్డు పల్లం. మన కథ ఎగువన, కింతా లోయలో జరిగింది. ఒకప్పుడు తగరం తవ్వకాలతో లోకమంతా పేరు మోగిన లోయ అది. దాని నడిబొడ్డున ఇపో నగరం. ఆ నగరం చుట్టూ, లోయ పొడవునా, బల్లపరుపు నేల మీంచి ఉన్నట్టుండి నిటారుగా లేచిన తెల్లటి గుట్టలు. నెత్తిన అడవి, నడుమున గోడలా రాయి, లోపల గుహలు. గుహల్లో చైనీయుల గుళ్లు, బౌద్ధాశ్రమాలు.

మన దగ్గరా సున్నపురాయికి కొదవలేదు. యర్రగుంట్ల, మాచర్ల, మేళ్లచెరువు, తాండూరు వైపు వెళ్లినవాళ్లకు సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, నాపరాళ్ల గుట్టలు కళ్ల ముందు ఉంటాయి. కాని మన రాయి ఎక్కువగా పరుపులు పరుపులుగా పడుకుని ఉంటుంది. తవ్వితే గుంట పడుతుంది. కింతా లోయలో రాయి నిలబడి ఉంటుంది. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు అది. పైకి లేచి, ఉష్ణమండలపు వానకు కరిగి కరిగి, కరగని మొండి భాగాలు ఇలా స్తంభాల్లా మిగిలాయి. ఒక గుట్టకీ ఇంకో గుట్టకీ మధ్య కిలోమీటర్ల కొద్దీ సున్నం లేని పుల్లమన్ను, తోటలు, ఇళ్లు, హైవే.

నత్త కోణంలోంచి చూస్తే ఆ దూరం సముద్రం. గుల్ల కట్టుకోవాలంటే సున్నం కావాలి. తేమ కావాలి, నీడ కావాలి. మూడూ దొరికేది గుట్ట మీదే. మూడు మిల్లీమీటర్ల ప్రాణి ఆ గుట్ట దిగి, ఎర్రమట్టిలో పడి, పక్క గుట్టకు చేరుకోవడం దాదాపు జరగని పని. కాబట్టి ఏ గుట్ట నత్తలు ఆ గుట్ట మీదే పెళ్లిళ్లు చేసుకుని, లక్షల ఏళ్లలో తమకంటూ ఒక రూపం తెచ్చుకుంటాయి. ఇపో దగ్గరే గునుంగ్ రాపత్ అనే గుట్ట మీద 2008లో ఒక నత్తకు పేరు పెట్టారు: ఓపిస్తోస్టోమా వెర్మిక్యులమ్. దాని గుల్ల నాలుగు వేర్వేరు ఇరుసుల చుట్టూ తిరుగుతుంది. ఒక నత్త అలా ఎందుకు తిరగాల్సి వచ్చిందో తెలియదు గాని, అలా తిరిగే నత్త అప్పటికి ఇంకెక్కడా ఎవరికీ కనిపించలేదు.

ఈ లెక్కన సున్నపురాయి గుట్టను తవ్వడమంటే అడవిలో పదెకరాలు నరకడం లాంటిది కాదు. అడవి నరికితే జంతువుకు పక్క అడవి ఉంటుంది.

* * *

ఇపోకి ఉత్తరాన, చెమోర్ దగ్గర ఉన్న గుట్ట గునుంగ్ కాంతాన్. ఒక పక్క దశాబ్దాలుగా సిమెంటు కోసం క్వారీ. అప్పట్లో యజమాని ఫ్రాన్సుకు చెందిన ప్రపంచ స్థాయి సిమెంటు కంపెనీ లఫార్జ్ తాలూకు మలేషియా సంస్థ. ఇంకోపక్క, ఇంకా చెయ్యి పడని అడవి. గుట్ట పాదంలో గుహలు, అందులో ధమ్మ శాక్యముని ఆశ్రమం. క్వారీ విస్తరణ మాట వచ్చేసరికి ఆశ్రమానికీ కంపెనీకీ మధ్య భూమి తగవు మొదలై కోర్టుకెక్కింది.

బాంబులు పెట్టి రాయి పగలగొట్టే చోటికి కాస్త ఇవతల నత్తలు వెతికేవాళ్ల పని ఎలా సాగుతుందో చెప్పాలి. ఈ పని తీరు కాంతాన్‌లోనైనా, ఏ సున్నపుగుట్ట దగ్గరైనా ఒక్కటే. చూసేవాళ్లకు అందులో సాహసమేమీ కనపడదు. గుట్ట గోడ కిందికి వెళ్లి, రాయీ నేలా కలిసే మూల కూర్చుంటారు. రాలిన ఆకులు తీసి పక్కన పెట్టి, దాని కింది మెత్తటి మట్టిని చేత్తో ఊడ్చి సంచిలో పోస్తారు. కొన్ని లీటర్ల మట్టి. గుట్ట మీద పైనెక్కడో చచ్చిన నత్తల గుల్లలు వానకు కొట్టుకొచ్చి చేరేది అక్కడికే. సున్నపు నేల కాబట్టి అవి తొందరగా కరిగిపోవు.

ఆ మట్టిని బకెట్ నీళ్లలో పోసి కలియబెడతారు. బంకమన్ను, ఇసక అడుగుకి పోతాయి. ఖాళీ గుల్లలో గాలి ఉంటుంది కాబట్టి అవి తేలతాయి. పుల్లా పుడకలతోపాటు ఆ తెట్టును వడగట్టి, ఆరబెట్టి, సన్నం ముతక జల్లెళ్లలో జల్లిస్తారు. ఇక మిగిలింది ఓపిక. మైక్రోస్కోపు కింద పళ్లెం పెట్టుకుని, తడి కుంచె మొనతో ఒక్కో గుల్లనూ ఎత్తి పక్కకు చేర్చాలి. ఒక సంచి మట్టిలో వేల గుల్లలు ఉండొచ్చు. బతికున్న వాటి కోసమైతే రాత్రిపూట టార్చి పట్టుకుని, తడి నాచు పట్టిన రాతి గోడను అంగుళం అంగుళం చూడాలి.

దొరికింది ఏ జాతి అని తేల్చడం అసలు గొడవ. మొదటి అనుమానం ఎప్పుడూ ఒకటే: ఇది చిన్న జాతి నత్తా, పెద్ద జాతి నత్త పిల్లా? పెద్దయిన నత్తల్లో చాలావాటికి గుల్ల నోటి అంచు మందమెక్కి బయటికి తిరుగుతుంది. అది కనిపిస్తే ఎదుగుదల ఆగిందని అర్థం. కాంతాన్ నత్తను చేర్చిన చరోపా కుటుంబంలో సాధారణంగా ఆ వసతి కూడా ఉండదు. పెదవి పల్చగానే ఉండిపోతుంది. అప్పుడు చుట్లు లెక్కపెట్టాలి. అడుగున బొడ్డులాంటి గుంట ఎంత వెడల్పో చూడాలి. గుల్ల మీది సన్నటి అడ్డుగీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలవాలి. అన్నింటికంటే నమ్మకమైన సాక్షి గుల్ల నడినెత్తిన ఉంటుంది. నత్త గుడ్డులోంచి బయటికొచ్చేనాటికే ఉన్న మొదటి చుట్టు అది. దాని మీది గరుకు ఒక్కో వంశంలో ఒక్కో తీరు. దాన్ని చూడాలంటే మామూలు మైక్రోస్కోపు చాలదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి.

అంతా చూశాక కూడా తీర్పు అయిపోదు. వందేళ్ల కిందట ఎవరో పేరు పెట్టి మ్యూజియంలో దాచిన నమూనా ఏదైనా దీనికి సరిపోతుందేమో పోల్చాలి. ఆ నమూనాలు లైడెన్‌లోనో, లండన్‌లోనో ఉంటాయి. దీనికి మన దేశంలోనూ పెద్ద చరిత్రే ఉంది. కారకోరం శ్రేణిలోని కే2 శిఖరానికి ఎవరి పేరు పెట్టాలని ఒకప్పుడు అనుకున్నారో, ఆ సర్వే అధికారి గాడ్విన్ ఆస్టెన్ తీరిక వేళల్లో చేసింది నత్తల శాస్త్రమే. మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల అధికారి కల్నల్ బెడ్డోమ్ దక్షిణ భారతంలోనూ సింహళంలోనూ దొరికిన బుల్లి మూతనత్తల వివరాలు 1875లోనే అచ్చు వేశాడు. గుర్రం మీద తిరిగిన అధికారులకు అంత చిన్న ప్రాణి కంటపడింది. జీపులో తిరిగే అధికారులకు ఎందుకు పడదో నాకు అర్థం కాదు.

* * *

కాంతాన్ గుట్ట నత్త మూడు మిల్లీమీటర్లు. ఆవగింజ కంటే కాస్త పెద్దది. దాన్ని కొత్త జాతిగా తేల్చింది ఇద్దరు. ఒకరు డచ్ శాస్త్రవేత్త యాప్ వెర్మ్యూలెన్. సగం జీవితం నత్తలకు, సగం జీవితం బోర్నియో ఆర్కిడ్లకు ఇచ్చిన మనిషి. రెండోవారు మలేషియాకు చెందిన మొహమ్మద్ ఎఫెండి మర్జుకీ. 2014లో ‘బస్తేరియా’ అనే డచ్ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది.

వ్యాసం శీర్షికలోనే రెండు జాగ్రత్తలున్నాయి. నత్తను చరోపా అనే ప్రజాతిలో పెట్టారు గాని, ఆ మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టారు. అసలు చరోపా న్యూజిలాండ్ నత్తల పేరు. ఇది నిజంగా వాటి వంశమేనా అన్నది ఇంకా తేలనందువల్ల ఆ గుర్తులు. ఇక రెండోది: ఈ జాతి ఈ ఇరుకు చోటులో మాత్రమే ఉందని ‘భావిస్తున్నాం’ అన్నారు, ‘ఉంది’ అనలేదు. ఒకచోట ఉందని చెప్పడానికి ఒక్క గుల్ల చాలు. ఇంకెక్కడా లేదని చెప్పడానికి ఎన్ని గుట్టలు జల్లించినా చాలదు. ఉద్యమం కోసం రాసిన వ్యాసమైతే ఆ మాట మింగేసేవాళ్లు. వాళ్లు మింగలేదు, అందుకే ఆ వ్యాసానికి బరువు.

ఇక పేరులో రెండో భాగం. ఒక జాతికి పేరు పెట్టే హక్కు దాన్ని మొదట వర్ణించినవాళ్లది. గురువు పేరు పెడతారు, భార్య పేరు పెడతారు, దొరికిన ఊరి పేరు పెడతారు. ఈ గుట్టలోనే 1997లో గుర్తించిన పురాతన వంశపు సాలీడుకు లిఫిస్టియస్ కాంతాన్ అని పెట్టారు. 2014లోనే దీని గుహలో దొరికిన బల్లికి సిర్టోడాక్టిలస్ గువాకాంతానెన్సిస్ అని పెట్టారు. ఈ నత్తకు కూడా కాంతాన్ అని పెడితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

వాళ్లు లఫార్జై అని పెట్టారు. ఆ గుట్టను తవ్వుతున్న కంపెనీ పేరు.

దాని భవిష్యత్తు ఎవరి చేతిలో ఉందో వాళ్ల పేరే పెట్టామన్నారు. తిట్టుగా తీసుకోవచ్చు, గౌరవంగానూ తీసుకోవచ్చు. నా లెక్కలో అది తిట్టూ కాదు, పొగడ్తా కాదు, పట్టా రిజిస్ట్రేషన్. జంతువుల పేర్ల నియమాల ప్రకారం ఒకసారి సక్రమంగా అచ్చయిన పేరును ఇష్టం లేదని మార్చుకోవడానికి వీల్లేదు. కంపెనీ చేతులు మారొచ్చు, పేరు మార్చుకోవచ్చు. నత్తకు మాత్రం ఆ పేరే ఉంటుంది. ఒకవేళ నత్త పోతే, ఎవరి హయాంలో పోయిందో శాస్త్ర గ్రంథాల్లో ఎప్పటికీ చదువుకోవచ్చు.

వెర్మ్యూలెన్‌కు సిమెంటు కంపెనీలతో ఇది మొదటి మాట కాదు. 1999లోనే టోనీ విటెన్‌తో కలిసి ప్రపంచ బ్యాంకు కోసం ఒక పుస్తకం తెచ్చారు. సున్నపురాయి తవ్వుకోండి, కాని ఏ గుట్ట తవ్వాలో, ఏది వదలాలో ముందు చూసుకోండి అని చెప్పే పుస్తకం. ఇంత పెద్ద గుట్టలో ఒక మూల తవ్వితే ఏమీ కాదు, మిగతావాటికి దూరంగా ఒంటరిగా నిలబడ్డ చిన్న గుట్టను మొత్తం తవ్వేస్తే ఒక లోకమే పోతుంది. ఆ పుస్తకానికీ ఈ పేరుకూ నడుమ పదిహేనేళ్లు. మర్యాదగా చెప్పిన మాట ఎంత దూరం వెళ్లిందో పాన్చింగ్ గొయ్యి చెబుతోంది.

* * *

పేరు పనిచేసింది. ఇంగ్లిషు పత్రికలు, టీవీలు, సైన్సు మాసపత్రికలు ఎగబడ్డాయి. తనను తుడిచిపెట్టగల కంపెనీ పేరు పెట్టుకున్న నత్త అన్న ఒక్క వాక్యం లోకమంతా తిరిగింది. ఎర్ర జాబితాలో దాన్ని ‘అత్యంత ప్రమాదంలో ఉన్న’ జాతిగా చేర్చారు. అదే నవంబరు ప్రకటనలో, అంతరించిన పాన్చింగ్ నత్త ముచ్చట చెబుతూనే, కొన్ని సిమెంటు కంపెనీలు పరిరక్షణ సంస్థలతో కలిసి నష్టం తగ్గించే ప్రయత్నాలు చేస్తున్నాయని కూడా రాశారు.

కంపెనీ వైపు మాట కూడా చెప్పుకోవాలి. సిమెంటు లేకుండా ఎవరమూ ఇల్లు కట్టడం లేదు. సున్నపురాయికి బంకమన్ను కలిపి, సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకర్ వస్తుంది. దాన్ని నూరితే సిమెంటు. టన్ను క్లింకర్‌కు దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి. ఈ వ్యాసం చదువుతున్న మీ తలపై ఉన్న శ్లాబు ఒకప్పుడు ఎక్కడో గుట్టో, గుంటో. నత్త కోసం ఇల్లు మానుకోమని ఎవరూ అనడం లేదు. వెర్మ్యూలెన్ కూడా అనలేదు. ఏ గుట్ట అన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ముందు ప్రతి గుట్ట మీదా ఏముందో తెలియాలి.

తెలుసుకునే పని మూడేళ్లకు అచ్చయింది. ఫూన్ జున్‌కిట్, రూబెన్ క్లెమెంట్స్, లియూ థోర్‌సెంగ్ అనే ముగ్గురు పరిశోధకులు పెరాక్‌లో 12 సున్నపుగుట్టలను ఒక పద్ధతి ప్రకారం గాలించి, 2017లో ‘జూకీస్’ పత్రికలో లెక్క బయటపెట్టారు. 122 జాతుల నేల నత్తలు. గాలించిన గుట్టల్లో ఒక్క గుట్టకే పరిమితమైనవి 34. శాస్త్రానికి కొత్తవి కావచ్చని అనుమానించినవి 30. ఒక్కో గుట్ట మీద 39 నుంచి 63 జాతుల దాకా. జాతుల సంఖ్యలోనూ, వేరే చోట దొరకని వాటిలోనూ ముందు నిలిచిన నాలుగు గుట్టల్లో కాంతాన్ ఒకటి. సగం క్వారీ తిన్న గుట్ట.

ఆ 30 సంఖ్య దగ్గరే నేను ఆగిపోయాను. పన్నెండు గుట్టల్లో ముప్పై కొత్త నత్తలంటే, ఎవరూ గాలించని గుట్టల మాటేమిటి? పేరు లేని జాతి ఏ జాబితాలోకీ ఎక్కదు. జాబితాలో లేనిది పోయినా పోయిందని రాసేవాళ్లుండరు. పాన్చింగ్ నత్త ఒక రకంగా అదృష్టవంతురాలు. 1952లో ఒకామె దాన్ని గుర్తుపట్టి పేరు పెట్టింది కాబట్టి, దాని చావుకు కనీసం తేదీ, కారణం మిగిలాయి. దానికి దగ్గర్లోనే, పహాంగ్ రాష్ట్రంలోనే బుకిత్ తెంగ్గెక్ అనే గుట్ట కూడా క్వారీ పాలయింది. దాని పేరు పెట్టుకున్న ప్లెక్టోస్టోమా తెంగ్గెకెన్సే కూడా ప్రమాదపు జాబితాలోనే ఉంది.

ఇక కాంతాన్ గుట్ట యజమానుల సంగతి. 2015లో లఫార్జ్ స్విట్జర్లాండ్‌కు చెందిన హోల్సిమ్‌లో కలిసిపోయింది. 2019లో మలేషియా వ్యాపారాన్ని అక్కడి వైటీఎల్ సంస్థ కొనుక్కుంది. కంపెనీ బోర్డు మీది పేరు మలయన్ సిమెంట్ అయింది. టోనీ విటెన్ 2017లో కేంబ్రిడ్జిలో సైకిల్ మీద పోతుండగా జరిగిన ప్రమాదంలో చనిపోయారు. నత్త పేరు లఫార్జైగానే ఉంది. మలేషియాలో ఇప్పుడు ఆ కంపెనీ లేదు, పేరు మాత్రం ఒక ఆవగింజంత ప్రాణి మోస్తోంది. గుట్ట మీద హక్కు కొన్నవాళ్లకు ఆ పేరు వల్ల సిగ్గూ లేదు, ఇబ్బందీ లేదు. పేరుతో ఒత్తిడి తేవాలన్న ఎత్తుకు ఉన్న పెద్ద లోటు ఇదే అనిపిస్తుంది నాకు. మనిషికి పెట్టిన పేరు మనిషితో ఉంటుంది, కంపెనీకి పెట్టిన పేరు వాటాలతోపాటు అమ్ముడుపోతుంది. కాంతాన్ అని గుట్ట పేరే పెట్టి ఉంటే, కొన్నవాడెవడైనా ఆ గుట్టకు జవాబుదారీగా ఉండేవాడేమో.

అయినా వెర్మ్యూలెన్, మర్జుకీ చేసింది చిన్న పనేం కాదు. గుల్ల చుట్లు లెక్కపెట్టి, గీతలు కొలిచి, ‘భావిస్తున్నాం’ అని నిజాయితీగా రాసి, ఒక గుట్టను ప్రపంచ పటం మీద నిలబెట్టారు. ఈ తరహా పని మన సున్నపురాయి మండలాల్లో చేసే వాళ్లు ఎందరున్నారో, ఏ కాలేజీ జువాలజీ శాఖ తన జిల్లా నత్తల మీద ఒక పుస్తకం తెచ్చిందో వెతికి చూడండి. పరికరాలకు కోట్లు అక్కర్లేదు. బకెట్, జల్లెడ, మైక్రోస్కోపు, ఒక ఉపాధ్యాయుడు, నలుగురు పిల్లలు చాలు.

మన దగ్గర పెద్ద గని పెట్టాలన్నా, పెంచాలన్నా 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక తయారు చేయాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక ప్రతులు కలెక్టరాఫీసులోనూ పంచాయతీలోనూ అందుబాటులో ఉండాలి, దాని సారాంశం తెలుగులోనూ ఉండాలి. మీ జిల్లాలో సున్నపురాయి గనికి అలాంటి ప్రకటన కనిపిస్తే ఆ నివేదిక అడిగి తీసుకోండి. జంతువుల జాబితా ఉన్న పేజీ తెరవండి. అందులో నత్తల వరస ఉందో లేదో చూడండి. లేకపోతే, ఆ గుట్ట కింద మట్టి ఎవరైనా జల్లించారా అని సభలో లేచి అడగండి. మీరు అడిగిన ప్రశ్నా, దానికి కంపెనీ ఇచ్చిన జవాబూ సభ రికార్డులోకి ఎక్కాలి, అది నిబంధన.